నా కాలివేళ్ల వెనక సబ్‌టైటిల్స్

మసాజ్ కుర్చీ కొన్నది నడుం నొప్పికి. దాన్ని తీసుకెళ్లి హోమ్ థియేటర్ గదిలో పెట్టింది మాత్రం ఆశకి.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని లేచేసరికి నడుం పట్టేసేది. రాత్రి ఓ సినిమా పెట్టుకుందామంటే పాత సోఫాలో పావుగంటకోసారి పక్కకి జరగడం, దిండు సర్దుకోవడం, మళ్లీ జరగడం. ఈ రెండు బాధలకీ ఒకే మందు దొరికిందనుకున్నాను. ఎదురుగా సినిమా నడుస్తుంటుంది, వెనక నుంచి ఒళ్లు పట్టేవాళ్లు పడుతుంటారు, ఇంకేం కావాలి? మా ఆవిడ మాత్రం మొదటి రోజే అడిగింది. "ఏమండీ, అది అలా వీపు మీద గుద్దుతుంటే మీకు కథ ఎలా బుర్రకెక్కుతుంది?" అప్పుడు నవ్వేశాను. ఏడాదిన్నర గడిచింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కుర్చీ వచ్చిన రోజు గుమ్మం దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. టీవీకి ఎంత దూరమో కొలిచాను, గోడకి ఎంత దూరమో కొలిచాను, ప్లగ్గు ఎటువైపుందో చూసుకున్నాను. తలుపు వెడల్పు కొలవలేదు. తలుపు 74 సెంటీమీటర్లు, కుర్చీ 78. బరువు 110 కిలోలు. మోసుకొచ్చినవాళ్లు దాన్ని గుమ్మం ముందు దించి నా మొహంలోకి చూశారు. ఫిట్టింగ్‌కి వచ్చినతను, "చేతులు ఊడదీస్తే పడుతుంది సార్. కానీ లోపల గాలి పైపులుంటాయి, మళ్లీ ఒక్కోటీ కలపాలి" అన్నాడు. ఊడదీశాడు. చేతుల్లోంచి వేలాడుతున్న సన్నటి పైపులు, వైర్లు చూశాక నేను కొన్నది కుర్చీ కాదు, యంత్రం అని మొదటిసారి అనిపించింది. లోపలికి చేరాక అన్నీ కలిపాడు గానీ ఒక పైపు సరిగా దూరలేదు. నాలుగు రోజుల పాటు ఎడమ చెయ్యిని పిసికేది, కుడి పక్క మాత్రం ఉస్సుమని గాలి పోయేది. మళ్లీ పిలిపించి సరి చేయించాల్సొచ్చింది.

నాది గోడకి ఆనించి పెట్టుకోగల రకం. వెనక్కి వాలుతున్నప్పుడు సీటు మొత్తం ముందుకి జరుగుతుంది కాబట్టి వెనక అరచెయ్యి వెడల్పు ఖాళీ ఉంటే చాలు. చిన్న గదికి ఇది మంచిదే. కానీ వెనక మిగిలిన చోటంతా ముందు ఖర్చయిపోతుంది. పూర్తిగా వాలితే తల నుంచి పాదాల దాకా మంచంలా చాచుకుంటుంది. గోడ నుంచి కొలిస్తే 180 సెంటీమీటర్లు. గది లోతు మూడు మీటర్లే. నేను వాలి ఉన్నప్పుడు గదిలో అటు నుంచి ఇటు వెళ్లాలంటే నా కాళ్లకీ టీవీకీ మధ్య నుంచే దారి.

టీవీ 65 అంగుళాలది. తెర వెడల్పు 143 సెంటీమీటర్లు. తల దగ్గర నుంచి తెర దాకా రెండున్నర మీటర్లు వచ్చింది. అంటే తెర మన చూపులో దాదాపు 32 డిగ్రీలు పరుచుకుంటుంది. ఇంట్లో సినిమాకి 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుందని సాధారణంగా చెబుతారు కాబట్టి దూరం కుదిరిందని సంబరపడ్డాను. ఎత్తు గురించి ఆలోచనే రాలేదు.

మొదటి రాత్రి లైట్లు ఆర్పి, సినిమా పెట్టి, జీరో గ్రావిటీ బటన్ నొక్కాను. ఈ పేరు ఊరికే పెట్టింది కాదు. 1973, 74ల్లో స్కైల్యాబ్ అనే అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగాముల శరీరాలు బరువు లేని స్థితిలో వాటంతట అవే ఏ భంగిమలోకి వస్తాయో నాసా గమనించింది. మొండేనికీ తొడలకీ మధ్య కోణం సుమారు 128 డిగ్రీలు ఉంటుందని తేలింది. కుర్చీల కంపెనీలు ఆ భంగిమని తీసుకుని బటన్ మీద వేసుకున్నాయి. నిజంగానే హాయిగా ఉంది. మోకాళ్లు పైకి లేచాయి, వీపు వెనక్కి ఒరిగింది, నడుం మీది బరువు ఎవరో చేత్తో తీసేసినట్టయింది. ఆహా అనుకుని తెర వైపు చూశాను.

తెర కింది భాగంలో నా పాదాలున్నాయి.

మామూలుగా కూర్చుంటే నా కళ్లు నేల నుంచి 115 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాలాక 90కి దిగిపోయాయి. అదే సమయంలో పాదాల తొట్టి లేచి లేచి సరిగ్గా ఆ 90 దగ్గరే ఆగింది. టీవీ కింది అంచు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. అంటే తెర కింద 25 సెంటీమీటర్లు, దాదాపు మూడో వంతు, మధ్యలో కనబడదు. అది వేరే భాష సినిమా. సబ్‌టైటిల్స్ నా బొటనవేళ్ల వెనక ఎక్కడో నడుస్తున్నాయి. పెద్ద వాక్యం వస్తే రెండు పక్కలా రెండేసి మాటలు బయటికి కనిపించేవి, మధ్యలోవి ఊహించుకోవాలి. పాదాలు విడదీద్దామంటే వాటిని తొట్టిలో ఉబ్బి నొక్కే గాలి సంచులు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మా అబ్బాయి సోఫాలోంచి, "నాన్నా, నేను చదివి చెప్పనా?" అన్నాడు. కాసేపు చదివాడు కూడా, మధ్యలో సొంత డైలాగులు కలుపుతూ.

పాదాలు అడ్డుపడింది చూపుకి ఒక్కదానికే కాదు. టీవీ రిమోట్ సంకేతం అందుకునే కన్ను తెర కింది అంచులోనే ఉంటుంది. సౌండ్ తగ్గించాలంటే బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా చెయ్యి పైకెత్తి నొక్కాలి. అసలు తంటా సెంటర్ స్పీకర్‌ది. ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాలకి ఒక సబ్‌వూఫర్ ఉండే 5.1 ఏర్పాటులో మాటలు దాదాపు అన్నీ దాంట్లోంచే వస్తాయి. మాది టీవీ కింద బల్ల మీద ఉండేది. దానికీ నా చెవులకీ మధ్య ఇప్పుడు తోలు కప్పిన ఒక గోడ లేచింది. సంగీతం స్పష్టంగా వినిపిస్తోంది, పాత్రలు మాత్రం దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది. సన్నటి శబ్దాలే అడ్డంకిని దాటలేవు, మాటల్లో స, శ, త లాంటివి తెలిసేది వాటితోనే. బాస్‌కి, అంటే లోతైన శబ్దాలకి, ఈ బాధ లేదు, పాదాల్ని చుట్టేసుకుని వచ్చేస్తుంది. అందుకే పేలుళ్లు వినిపించి సంభాషణలు వినిపించని విచిత్రం.

ఇక తల దగ్గర. మంచి థియేటర్ సీటు వీపు భుజాల దాకానో, మెడ దాకానో ఉంటుంది, చెవులు బయటికే ఉంటాయి. పక్క నుంచి, వెనక నుంచి వచ్చే సరౌండ్ శబ్దం తిన్నగా చెవిలో పడాలి కదా. మసాజ్ కుర్చీ తలని గుర్రానికి గంతలు కట్టినట్టు రెండు వైపులా కప్పేస్తుంది. భుజాల్ని నొక్కడానికి అటూ ఇటూ రెక్కలు, పైన మెత్తటి తలదిండు. నా సరౌండ్ స్పీకర్లు పక్క గోడల మీద, చెవికి కాస్త వెనగ్గా ఉన్నాయి. వాన సీను వస్తే సోఫాలో వాళ్లకి చుట్టూ వాన. నాకు ఎదురింట్లో వాన.

ఆ రెక్కల్లో కుర్చీకి సొంతంగా చిన్న స్పీకర్లున్నాయి. టీవీని బ్లూటూత్‌తో వాటికి కలిపితే పోలా అనుకున్నాను. పెదాలు ముందు కదిలాయి, మాట తర్వాత వచ్చింది. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు వరకూ ఆలస్యం కావడం మామూలే. పాటకి పర్లేదు, మనిషి మొహం ఎదురుగా మాట్లాడుతుంటే కంటికి ఇట్టే తెలిసిపోతుంది. పైగా గదిలో స్పీకర్లూ మోగుతుంటే ప్రతి మాటకీ ప్రతిధ్వని. ఐదు నిమిషాల్లో తీసేశాను.

ఇన్ని చెప్పి అసలైనది చెప్పలేదు. మసాజ్.

కుర్చీ వీపులో తిరిగే రోలర్లు నడుం దగ్గరున్నంతసేపు స్వర్గం. మెల్లగా పైకి ఎక్కుతాయి, వెన్నెముకకి రెండు వైపులా. భుజాల దాకా వచ్చినా సరే. మెడలోకి రాగానే తల ఊగడం మొదలవుతుంది. తల ఊగితే కళ్లు ఊగుతాయి, కళ్లు ఊగితే తెర ఊగుతుంది. హీరోయిన్ నిశ్చలంగా కన్నీళ్లు పెట్టుకుంటోంది, నా తల మాత్రం అవునవునని ఆడుతోంది. ఆ తర్వాత గుద్దే ప్రోగ్రాం వచ్చింది, సన్నగా టకటకమని. సబ్‌వూఫర్ అదిరినప్పుడు అది సినిమా చేసిన పనో, కుర్చీ చేసిన పనో తెలియలేదు. ఒక సీనులో తలుపు కొట్టిన చప్పుడనుకుని ఎవరొచ్చారా అని ఎదురుచూశాను. కుర్చీయే.

చప్పుడు సంగతి సోఫాలో వాళ్లని అడగాలి. నా ఒంటికి హాయి కాబట్టి నా చెవికి అది తక్కువగానే వినిపిస్తుంది. వాళ్లకి హాయి లేదు, చప్పుడే ఉంది. ఫోన్‌లో యాప్ పెట్టి సోఫా దగ్గర కొలిచాను. గది ఊరికే ఉన్నప్పుడు 34 డెసిబెల్స్, రోలర్లు తిరుగుతుంటే 47, గాలి పంపు కూడా కలిస్తే 52. ఫోన్ లెక్క అంత కచ్చితం కాదు గానీ తేడా తేడానే. పంపు గుర్రుమనడం కంటే గాలి వదిలేటప్పుడు వచ్చే టిక్, ఉస్స్ అనేవే చిరాకు. అవి లయ లేకుండా వస్తాయి, నిశ్శబ్దంగా ఉన్న సీన్లోనే వస్తాయి. "ఇది సినిమానా, బస్సు బ్రేకులా?" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

నేను పట్టుదలగా కూర్చున్నాను. క్లైమాక్స్ వచ్చింది. అంతా ఊపిరి బిగబట్టిన క్షణం. కీక్, కీక్, కీక్ అని మూడు సార్లు మోగి, కుర్చీ తనంతట తనే మెల్లగా నన్ను లేపి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల టైమర్ అయిపోయిందట. పూర్తిగా నిటారుగా నిలబెట్టేదాకా వదల్లేదు. డాక్టరు గదిలో "ఇక వెళ్లొచ్చు" అన్నట్టు.

మర్నాడు మాన్యువల్ తీసి మొదటి పేజీ నుంచి చదివాను. ఒకేసారి అరగంట మించి వాడొద్దని స్పష్టంగా ఉంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు డాక్టర్ని అడగకుండా కూర్చోవద్దనీ ఉంది. మా అమ్మకి ఎముకలు బలహీనం, డాక్టరు వద్దనేశారు. అందుకని ఆవిడ కూర్చున్నప్పుడు మసాజ్ పూర్తిగా బంద్, వాలు మాత్రమే. అప్పుడే నాకు బుర్రలో ఏదో వెలిగింది. మసాజ్ ఆపేసిన కుర్చీలో అమ్మ సినిమా అంతా హాయిగా చూసింది. నాకే కథ సగం తెలియలేదు.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. 1954లో జపాన్‌లోని ఒసాకాలో ఫుజిమోటో నోబువో అనే ఆయన తయారు చేసి అమ్మిన మొదటితరం మసాజ్ కుర్చీలు వెళ్లింది ఊరుమ్మడి స్నానశాలలకి. వేడినీళ్ల స్నానం చేసొచ్చి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని, లేచి ఇంటికెళ్లే మనిషి కోసం పుట్టిన వస్తువది. ఇవాళ్టి కుర్చీ కూడా మనల్ని కళ్లు మూయించడానికే పనిచేస్తుంది. సినిమా కళ్లు తెరిపించడానికి పనిచేస్తుంది. ఈ ఇద్దరినీ ఒకే గదిలో, ఒకే సమయంలో పనికి పెట్టుకున్నది నేను.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. ముందు టీవీ. గోడ బ్రాకెట్ విప్పించి పాతిక సెంటీమీటర్లు పైకి జరిపించి, కాస్త కిందికి వంచాను. మామూలు సోఫాకి ఇలా చేస్తే మెడ నొప్పి ఖాయం, ఎందుకంటే నిటారుగా కూర్చుని పైకి చూడాలి. వాలి ఉన్నవాడి చూపు దానంతట అదే పైకి పోతుంది కాబట్టి కుర్చీకి ఇదే సరైన ఎత్తు. సోఫాలో వాళ్లకి ఇబ్బంది కాకుండా సోఫాని వెనక్కి జరిపి, తల ఆనుకునేలా వెనక దిండ్లు ఎత్తు చేశాను. అలాగే పాదాల తొట్టిని పూర్తిగా ఎత్తకుండా రెండంగుళాలు తక్కువలో ఆపడం అలవాటు చేసుకున్నాను. నడుముకి పెద్ద తేడా తెలియలేదు, తెర మాత్రం మొత్తం బయటపడింది.

సెంటర్ స్పీకర్ని బల్ల మీంచి తీసి టీవీ పైన అర కొట్టించి, మూతి కిందికి వచ్చేలా వంచి పెట్టాను. మాటలు ముసుగు తీసేశాయి. నిజం చెప్పాలంటే మొత్తం ప్రయాణంలో ఎక్కువ ఫలితమిచ్చిన పని ఇదే, ముందే చేసి ఉండాల్సింది. తలదిండు కట్లు విప్పి తీసేసి, పల్చటి దిండు ఒకటి మెడ కింద పెట్టుకున్నాను. తల ఇంచుమించు రెక్కల్ని దాటి ముందుకొచ్చింది.

ఆ తర్వాత స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌తో వచ్చిన మైకు పెట్టి శబ్దాన్ని మళ్లీ సరిచూశాను. మొదట్లో ఈ పని కుర్చీ నిటారుగా ఉన్నప్పుడు చేశాను, అది తప్పు. వాలినప్పుడు చెవులు పాతిక సెంటీమీటర్లు కిందికి దిగుతాయి, వెనక గోడకి దగ్గరగానూ ఉంటాయి, గోడ దగ్గర బాస్ ఉబ్బుతుంది. ఈసారి కుర్చీని వాల్చి, మైకుని స్టాండు మీద నా చెవులుండే చోట, తోలుకి తగలకుండా నిలబెట్టి, నేను గది బయట నిలబడ్డాను. సరౌండ్‌ని చేత్తో మరో రెండు డెసిబెల్స్ పెంచాను. వాన మళ్లీ మా ఇంట్లోనే కురిసింది.

చిన్నాచితకా ఇంకొన్ని. కుర్చీ కింద మందపాటి రబ్బరు పరుపు వేశాక నేల మీదుగా వచ్చే గుయ్‌మనే శబ్దం తగ్గింది. కుర్చీ ప్లగ్గునీ ఆంప్లిఫయర్ ప్లగ్గునీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం మానేశాను, మోటార్ మొదలైనప్పుడల్లా స్పీకర్లో టప్ మనేది. కరెంటు పోతే ఏమవుతుందో కూడా అనుభవంలోకి వచ్చింది. కుర్చీ ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. చీకట్లో, వాలిపోయిన కుర్చీలోంచి, బూట్లలోంచి లాగినట్టు కాళ్లు బయటికి లాక్కుని పక్కకి దొర్లి దిగాను. చూసినవాళ్లెవరూ లేరు, చీకటి కాబట్టి. తొట్టి కిందికి దిగేటప్పుడు దాని కింద ఏముందో చూసుకోవడం మాత్రం అప్పట్నుంచి నియమంగా పెట్టుకున్నాం. ఓసారి మా అబ్బాయి చెప్పు నలిగింది, అది చెప్పు కాబట్టి సరిపోయింది.

ఇన్ని చేశాక కూడా సినిమా నడుస్తుండగా మసాజ్ కుదరలేదు. ప్రయత్నం చేయలేదని కాదు. పిక్కల మీద గాలి సంచులు మాత్రమే, అదీ అన్నిటికంటే తక్కువ బలంతో పెట్టి చూశాను. ఆట చూసేటప్పుడు, పదిసార్లు చూసిన పాత సినిమా చూసేటప్పుడు ఫర్వాలేదు. కొత్త సినిమాకి మాత్రం ఆ ఉస్స్ కూడా ఎక్కువే. ఇప్పుడు సినిమాకి ప్రోగ్రాం ఏదీ ఆన్ చేయకుండా వాలు బటన్లతోనే కూర్చుంటున్నాను. అలా వాడితే టైమరూ ఉండదు, కీక్ కీక్ ఉండదు. నడుం కింద వేడి ఒక్కటి పెట్టుకుంటాను, దానికి చప్పుడు లేదు. ఒట్టి సీటుగా చూస్తే నేను కూర్చున్నవాటిలో ఇదే అన్నిటికంటే గొప్పది, మూడు గంటల సినిమా అయ్యాక కూడా నడుం పట్టదు. కానీ ఒట్టి సీటే కావాలంటే మోటార్‌తో వెనక్కి వాలే మామూలు రిక్లైనర్ చెవులు మూయకుండా ఈ పని చేసేస్తుంది. థియేటర్ గది కోసమే కొనేవాళ్లెవరైనా అడిగితే నేను అదే చెబుతాను. నడుం కోసం ఎలాగూ కొంటున్నవాళ్లయితే వేరే సంగతి.

మరి మసాజ్ ఎప్పుడంటారా? ఆ ఉపాయం మా ఆవిడది. "ఇంట్లో సినిమాకి ఇంటర్వెల్ ఎందుకు ఉండకూడదు?" అంది. అంతే. సగంలో పాజ్ నొక్కుతాం, లైట్లు వేస్తాం. పిల్లాడు కాసేపు తిరిగొస్తాడు, అమ్మ నడుం చాచుకుంటుంది, నేను పదిహేను నిమిషాల ప్రోగ్రాం పెట్టుకుని కళ్లు మూసుకుంటాను. రోలర్లు మెడలో ఎంత తిరిగినా చూడాల్సింది ఏమీ లేదు, పంపు ఎంత గుర్రుమన్నా వినాల్సింది ఏమీ లేదు. అయిపోగానే మూడుసార్లు కీక్ మని కుర్చీ నన్ను లేపి కూర్చోబెడుతుంది. ఆ చప్పుడు విని ఎక్కడివాళ్లు అక్కణ్ణుంచి గదిలోకి వచ్చేస్తారు, సెకండ్ హాఫ్ బెల్లు కొట్టినట్టు.

ఒకటే చిక్కు. పోయిన నెల నుంచి ఇంటర్వెల్ పడగానే ఆవిడే ముందు వచ్చి కుర్చీ పక్కన నిలబడుతోంది. "మీరు లేవండి, ఈ పదిహేను నిమిషాలు నావి" అంటుంది. బెల్లు కొట్టాక కూడా లేవట్లేదు.